కోళ్ళు గూటికి చేరేదాకా

నేను కోళ్ళకు కథలు చదివేదాన్నని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. డైరీలో కూడా "సాయంత్రం కోళ్ళకు నూకలు వేశాను" అని మాత్రం రాసి ఊరుకునేదాన్ని. మా అత్తయ్యకు ఒక్కదానికే తెలుసు. అదీ నేను చెప్పగా తెలిసింది కాదు.

మాది తెనాలి. నాన్న అచ్చాఫీసులో పనిచేసేవారు. సిరా ఎక్కువై మసకబారిన కథల పుస్తకాల ఫారాలు, మడత తప్పినవి, లెక్కకు మించి అచ్చయినవి ఇంటికి తెచ్చేవారు. వాటిని నేను మడతపెట్టి, అమ్మ దగ్గర దబ్బనం తీసుకుని దారంతో కుట్టుకునేదాన్ని. అట్టలుండవు. చాలావాటికి మొదలుండదు, కొన్నిటికి చివర ఉండదు. కథ మధ్యలోంచి మొదలుపెట్టి, తేలకుండానే ముగించుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. పెళ్ళయి అత్తవారింటికి వచ్చేటప్పుడు పెట్టె అడుగున చీరల కింద వాటిని దాచుకుని తెచ్చుకున్నాను. అరవైలు అయిపోవస్తున్న రోజులవి.

అత్తవారి ఊరు బాపట్ల నుంచి కర్లపాలెం వెళ్ళే దారిలో, ఇసుక నేలలో. ఇంటి చుట్టూ తాటాకు దడి, వెనక జీడిమామిడి తోట. ఇంట్లో ఉండేది అత్తయ్య, ఆయన, నేను. ఆయన బాపట్లలో బియ్యం మిల్లులో గుమస్తా. సైకిలు మీద పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టాకే రావడం. ఆ ఊళ్ళో మాటలన్నీ దడి మీదుగా సాగుతాయి. ఈ పెరట్లో నిలబడి మూడో పెరట్లో ఉన్నవాళ్ళను కూరేంటని అడుగుతారు. నా గొంతు నాకే సరిగా వినపడేది కాదు. ఎవరేమడిగినా తల ఊపేదాన్ని. పక్కింటి పెద్దమ్మ అత్తయ్యతో అనేది:

"వదినా, మీ కోడలికి మాటలు కూడా ఇచ్చి పంపించారా, లేకపోతే వచ్చే ఏడు సారెతో పంపిస్తామన్నారా?"

అత్తయ్య నవ్వేది కాదు. అలాగని నన్ను వెనకేసుకొచ్చేదీ కాదు. ఆమె ధ్యాసంతా కోళ్ళ మీద ఉండేది.

ఆ కోళ్ళకొక చరిత్ర ఉంది. అత్తయ్య పుట్టిల్లు రేపల్లె. ఆమె కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఒక పుంజును, పెట్టను గంపలో పెట్టి రైల్లో పంపించిందట. పర్ల రంగువి. మెడ మీద తెలుపూ నలుపూ కలిసిన ఈకలు, బియ్యంలో మినుములు కలిసినట్టు. ఆ జంట పిల్లలు, వాటి పిల్లలు, అలా మా పెరడు నిండింది. ఆమె తల్లి పోయింది. రేపల్లెలో తమ్ముడింట్లో ఎవరూ కోళ్ళు పెంచడం లేదు. ఆపైన నా పెళ్ళికి ముందు వేసవిలో కొక్కెర తెగులు వచ్చి గూళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. రేపల్లె సంతతిలో మిగిలింది ఒకే ఒక్క పర్లపెట్ట. మిగతావన్నీ తర్వాత కర్లపాలెంలో కొనుక్కొచ్చినవి. అత్తయ్య వాటికీ నూకలు వేసేది. పర్లపెట్టకు మాత్రం చేతిలో పెట్టి తినిపించేది.

నేను వచ్చేసరికే అత్తయ్య కళ్ళకు శుక్లాలు వచ్చాయి. తెనాలిలో ఆపరేషన్ చేస్తారని ఆయన చెప్పినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టేది. అసలు వంక పర్లపెట్టే. గద్దలు తిరిగే చోట దాన్ని ఎవరికి వదిలి వెళ్ళాలని. కన్ను బాగా మసకబారి, గద్ద నీడ కూడా ఆనడం మానేశాక గాని ఒప్పుకోలేదు. సరిగ్గా అప్పుడే పర్లపెట్ట పొదుగుకు కూర్చుంది. అత్తయ్య పాత గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, తడుముకుంటూ గుడ్లు పేర్చింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా విరిగిన కొడవలి ముక్క ఒకటి, బొగ్గు ఒకటి వాటి పక్కన పెట్టింది. ఇనుప ముక్కకూ ఉరుముకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. ఆమె వెళ్ళాక ఆకాశం మూసుకొచ్చినప్పుడల్లా అది అక్కడే ఉందో లేదో చూసి వచ్చేదాన్ని.

ప్రయాణం ముందు రోజు అత్తయ్య ఆయనతో అంటుంటే విన్నాను. "ఈ పిల్ల గొంతు మనకే వినపడదు. గద్దకేం వినపడిద్దిరా?"

అది నిజమే కాబట్టి నాకు కోపం రాలేదు. భయం వేసింది.

మా వైపు గద్దను తరిమేది గొంతుతోనే. ఎవరు ముందు చూస్తే వాళ్ళు కేకపెడతారు. అది విని పక్క పెరటివాళ్ళు, వాళ్ళను విని ఆ పక్కవాళ్ళు కేకపెడతారు. వీధి చివరిదాకా కేకలే. గద్దకు ఏ పెరట్లోనూ దిగే సందు దొరకదు. గూటికి పిలిచేదీ గొంతుతోనే. ఒక్కో ఇంటిదానిదీ ఒక్కో పిలుపు. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "బ్బొ బ్బొ బ్బొ బ్బొ" అంటే తోటలో ఎక్కడున్నా కోళ్ళు మెడలు చాచుకుని పరుగెత్తుకొచ్చేవి. పక్కింటి కోళ్ళు తలెత్తి కూడా చూడవు. నాకా పిలుపు రాలేదు. దడికవతలే దారి. ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. నోరు తెరిస్తే గాలే వచ్చేది.

వెళ్ళే ముందు అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచి ఎలా చూసుకోవాలో చెప్పింది. పొద్దున ఎండ దడి దిగేదాకా గూడు తలుపు తియ్యొద్దు, ముంగిస తిరిగేది అంతకుముందే. పిల్లలు పుట్టాక ఒంటికి గులాబీ రంగు పుయ్యాలి, ఆ రంగు చూస్తే గద్ద తడబడుతుంది. పుంజు గొంతులో దీర్ఘంగా గురగురమంటే పైనుంచి ప్రమాదం, గొలుసుకట్టుగా కొక్కొక్కొమని అరిస్తే నేల మీదినుంచి. ఆఖరున నా భుజం మీద చెయ్యేసి, "ఆకాశం వంక చూడబాక అమ్మాయ్. నేల వంక చూడు. నీడ ముందొచ్చిద్ది" అంది.

తెనాలిలో ఆపరేషన్ జరిగింది. తలకు అటూఇటూ ఇసుక సంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టారని, కళ్ళకు కట్లు కట్టారని, మా అమ్మే దగ్గరుండి చూసుకుంటోందని ఆయన వచ్చి చెప్పారు. డాక్టరుగారు మరీమరీ చెప్పింది ఒకటే: కన్నీళ్ళు రాకూడదు. ఏడిస్తే కుట్టు చెడుతుంది. మాట్లాడనిచ్చినప్పుడల్లా అత్తయ్య కోళ్ళ గురించే అడుగుతోందట.

నేను పొదుగు గంప పక్కన కూర్చుని ఉండేదాన్ని. వంటింటి గోడను ఆనుకున్న పశువుల పాకలో ఒక మూల అది. పాములు, కుక్కలు గుడ్ల కోసం వస్తాయని కాపలా. ఆ మూలకు ఇంకెవరూ రారు. అత్తయ్య ఊళ్ళో ఉన్నప్పుడే కొన్నిసార్లు అక్కడ నా ఫారాలు తీసి సన్నగా పైకి చదువుకున్నాను. ఇప్పుడు రోజూ గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉండేది. పర్లపెట్ట ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకునేది. ఎక్కడైనా తప్పు చదివితే నవ్వేవాళ్ళు లేరు. వాక్యం పెద్దదైతే ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నేను అంతసేపు పైకి మాట్లాడటం బహుశా పుట్టాక అదే మొదటిసారి. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికి వచ్చేసరికి అత్తయ్య వెళ్ళకముందు మొదలుపెట్టిన రాజకుమారుడు, సేనాపతి కథ సగానికి వచ్చింది.

పిల్లలు బాగానే పెరుగుతున్నాయి. రెక్కల చివర ఈకలు తొంగిచూస్తున్నాయి. ఒక పొద్దున ఎండ దడి దిగాకే తలుపు తీశాను. నేను నీళ్ళ మూకుడు కడుగుతుంటే పుంజు గొలుసుకట్టుగా అరిచింది. నేల మీదినుంచి. చేతిలోది వదిలేసి పరుగెత్తాను. ఇసుక నేలలో ముంగిస దడి కిందనుంచి బొరియ చేసుకుని వచ్చింది. ఆముదపు మొక్కల దగ్గర పర్లపెట్ట రెక్కలు విప్పుకుని పడి ఉంది. మెడ దగ్గర రక్తం. ముక్కు నిండా ముంగిస బొచ్చు. తప్పించుకుపోగలిగే పెట్టే అది, దడి ఎక్కి కూర్చోగలదు. ఎక్కలేదు.

పిల్లలు ఒక్కటీ కనిపించలేదు. ఆముదపు ఆకుల కింద, కట్టెల సందుల్లో ఎక్కడో నక్కాయి. తల్లి పిలిస్తేనే వస్తాయి. తల్లి లేదు. పిలవబోతే నా నోటివెంట మళ్ళీ గాలే వచ్చింది. ఏం చెయ్యాలో తోచక అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. నడుముకు దోపుకున్న ఫారాలు గుచ్చుకున్నాయి. తీసి, నిన్న ఆపిన చోటినుంచి చదవడం మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో చెప్పలేను. బహుశా ఏడవకుండా ఉండటానికి. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అయినా చదివాను. కాసేపటికి కట్టెల కిందనుంచి ఒక గులాబీ రంగు తల బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. గుడ్డులో ఉన్నప్పటినుంచీ విన్న గొంతు కదా. ఒక్కొక్కటే వచ్చి నా చీర కుచ్చెళ్ళలో దూరాయి. ముంగిస తీసుకుపోయినవి పోగా మిగిలినవన్నీ వచ్చాయి.

సాయంత్రం ఆయనతో కలిసి పర్లపెట్టను ఆముదపు మొక్కల కింద పాతిపెట్టాం. ఆ మాట తెనాలిలో చెప్పకూడదనుకున్నాం. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే కన్ను పోతుంది. "ఆమె వచ్చేసరికి ఈ పిల్లలన్నా బతికుండాలి" అన్నారాయన. ఆయనకు తెలియకపోయినా ఆ మాట నామీద పెట్టిన బరువే. రేపల్లె నుంచి రైల్లో వచ్చినదాంట్లో మిగిలింది ఇక ఆ గుప్పెడు పిల్లలే.

దడి మొదట్లో తాటి మొద్దులు పాతి, తుమ్మ కంప కూరి, పెంకులు దిగ్గొట్టాను. చల్లబడ్డాక పిల్లల్ని గంపలో పొయ్యి వెచ్చదనం తగిలే చోట పెట్టేదాన్ని. గంపలో నా పాత చీర. పగలు నా వెంటే తిరిగేవి. చదువుతూ నడిస్తే వరస కట్టేవి, ఆపితే చెదిరిపోయేవి. నూకలు వేసే వేళ పెద్ద కోళ్ళు కూడా వచ్చి వినేవి. వినేవో, నూకల కోసం నిలబడేవో.

అంతలో గద్ద వచ్చింది. మిట్టమధ్యాహ్నం నేను పెరట్లో నిలబడి ఆ కథలో సేనాపతి కత్తి దూసే చోటు చదువుతున్నాను. ఇసుక మీద నీడ జారింది. అత్తయ్య చెప్పినట్టే నీడ ముందొచ్చింది. పిల్లలు దడికి దూరంగా, దాక్కోవడానికి ఏమీ లేని చోట ఉన్నాయి. గద్ద రెక్కలు ముడుచుకుని దిగుతోంది. నా నోట్లో అప్పుడు ఏ మాట ఉందో ఆ మాటే బయటికి వచ్చింది.

"దుర్మార్గుడా, నిలువుము!"

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. గద్ద పక్కకు తూలి, రెక్కలు విదిల్చి మళ్ళీ పైకి లేచింది. క్షణం పాటు వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత పక్కింటి పెద్దమ్మ కేక, ఆ అవతల పెరట్లోంచి ఇంకొకరి కేక, అలా చివరిదాకా. గద్ద జీడిమామిడి తోట దాటి వెళ్ళిపోయింది. పెద్దమ్మ దడి మీదుగా తొంగిచూసి, "ఎవర్నే అమ్మాయ్ నిలువుమంటున్నావు? దొంగ గాని పడ్డాడా?" అంది. గద్దండి అన్నాను. ఆమె కింద కూర్చుని మరీ నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నీళ్ళకు వెళ్తే బావి దగ్గర అందరూ నన్ను నిలువుమనేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే, ఆ రోజు రాసిన డైరీ పేజీ చివర "బతికాయి" అని పెద్దక్షరాలతో రాసుకున్నాను.

అత్తయ్య తెనాలి నుంచి నేరుగా ఇంటికి రాలేదు. ఎండలు తగ్గేదాకా ఉంచుకుంటామని తమ్ముడు రేపల్లె తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పిల్లలకు మెడ మీద ఈకలు తిరిగాయి. చాలావాటివి బియ్యంలో మినుముల్లాగే. నేను గులాబీ రంగు పూయడం మానేశాను. ఇంకా సరిగా చూపు రాని ఆమెకు ఆ మెడలు ఎలా చూపించాలా అని రోజూ ఆలోచించేదాన్ని.

సాయంత్రం పూట రిక్షా దిగింది. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ. రెండో కంటికి ఇంకా అద్దాలు రాలేదు, మనిషి ఆకారం తప్ప ఏమీ తెలియదు. ఆయన సామాను దింపి అదే రిక్షాలో బాపట్ల మిల్లుకు వెళ్ళిపోయారు. పెద్దమ్మ వచ్చి కూర్చుని నిలువుము కథంతా చెప్పి వెళ్ళింది. అత్తయ్య విని, నా వైపు తిరిగి, లేచి గోడ పట్టుకుంటూ పెరట్లోకి నడిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బ్బొ బ్బొ బ్బొ బ్బొ."

పెద్ద కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. ఆమె వంగి చేత్తో తడిమింది. పర్లపెట్ట లేదు. మళ్ళీ పిలిచింది. పిల్లల చప్పుడు లేదు. అవి తోటలో మొక్కల మొదళ్ళలో గీరుకుంటూనే ఉన్నాయి, నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ పిలుపు వాటికి తెలియదు. అత్తయ్య చెయ్యి కిందికి జారింది. "పిల్లలు కూడా లేవా అమ్మాయ్?" అంది. పెదవి వణుకుతోంది. ఆకుపచ్చ గుడ్డ కింద కన్నీళ్ళు వస్తే ఆ కన్ను పోతుంది.

ఉన్నాయని చెప్పవచ్చు. కళ్ళు లేని మనిషికి ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది? లోపలికి పరుగెత్తి ఫారాలు తెచ్చాను. ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాను, ఆమె ముఖం చూస్తూ చదవలేక. చదివాను. మొదటి వాక్యం గొంతులోనే ఉండిపోయింది. రెండో వాక్యానికి ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. మూడో వాక్యానికి పిల్లలన్నీ నా కాళ్ళ చుట్టూ. ఒకదాన్ని ఎత్తి అత్తయ్య చేతుల్లో పెట్టాను. ఆమె దాని మెడ నిమిరింది. ఈకలు వేళ్ళతో విడదీసి, ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"పెట్ట పోయిందా?"

"పోయిందండి. ముంగిస."

"వీటిని వదిలేసి పారిపోతా పోయిందా, వీటి కోసం పోయిందా?"

"వీటికోసమేనండి."

తల ఊపింది. "ఇప్పుడు ఏడవకూడదంట. అద్దాలొచ్చాక ఏడుస్తాలే" అంది. ఆ తర్వాత పిల్లను కింద వదిలి, మామూలుగా అడిగింది: "ఆ సేనాపతి ఏమయ్యాడు?"

నాకు అర్థం కాలేదు. ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. ఊరెళ్ళకముందు నేను పాకలో చదువుతుంటే వంటింటి గోడకు చెవి పెట్టి వినేదట. "సగంలో ఆపి లేచొచ్చేదానివి. అడిగితే సిగ్గుపడి మానేస్తావని ఊరుకున్నా. కట్లు కట్టుకుని పడుకున్నన్నాళ్ళూ వాడేమయ్యాడా అని ఒకటే ఆలోచన." ఆ కథకు చివరి ఫారం లేదని చెప్పాను. కాసేపు నిరాశపడి, అయితే మనమే చెప్పుకుందామంది. ఆ సేనాపతిని ఆమె ఒకరోజు చంపేది, ఇంకోరోజు పెళ్ళి చేసేది.

అద్దాలొచ్చాయి. ఆ మెడలు చూసింది, చెప్పినట్టే ఏడ్చింది. ఆ పిల్లల పిల్లలతో పెరడు మళ్ళీ నిండింది. అత్తయ్య గూటికి పిలవడం నాకే వదిలేసింది. సాయంత్రం నేను పెరట్లో నిలబడి చదువుతుంటే ఆమె అరుగు మీద, కోళ్ళు నేల మీద. దడి అవతల నడిచేవాళ్ళు, అత్తకు చదివి వినిపిస్తోంది, మంచి కోడలు అనుకునేవాళ్ళు. ఆయనా అదే అనుకున్నారు. కోళ్ళను పిలుస్తున్నానని మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. తెనాలి వెళ్ళినప్పుడల్లా నాన్న దగ్గరనుంచి కొత్త ఫారాలు తెచ్చేదాన్ని. చివర లేనివే ఏరి తెమ్మనేది అత్తయ్య.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక వానాకాలం ఆమె మంచం పట్టింది. మంచం వెనక వసారాలో వేయమంది, పెరడు కనపడేట్టు. ఒక సాయంత్రం ఆయాసం ఎక్కువైంది. ముసురు పట్టి కోళ్ళు ఇంకా తోటలోనే ఉన్నాయి. నేను అలవాటుగా చదువుతున్నదాన్ని ఆమె ఊపిరి విని ఆపేశాను. పెద్దమ్మను పిలుచుకొస్తానని లేవబోతే నా చెయ్యి పట్టుకుంది. పట్టులో బలం లేదు. కళ్ళు మాత్రం అద్దాల వెనకనుంచి నేల వంక చూస్తున్నాయి, నీడ కోసం చూసినట్టు.

"అవి గూటికి చేరేదాకా చదువమ్మాయ్. నీ గొంతు నాక్కూడా వినపడాల."